ఇంజన్ భాగాలకు ఏ పెయింటు, ఎలా వేయాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కారు ఇంజన్‌కు రంగు వేయడం గురించే ఉన్నాయి. ఒకే సంగతిని వేరువేరు మాటల్లో అడిగిన ప్రశ్నలను ఒకటిగా కలిపి, పని జరిగే క్రమంలో వరుస పెట్టాము.

ప్రశ్న: గేటుకు వేయగా మిగిలిన నల్ల ఎనామెల్ నా దగ్గర ఉంది. ఇంజన్ బ్లాకుకు అది వేయవచ్చా? దుకాణంలో ఇంజన్ ఎనామెల్ అని, హై హీట్ పెయింట్ అని రెండు మూడు రకాలు చూపిస్తున్నారు. తేడా నిజంగా ఉందా, లేక డబ్బా మీది పేరులోనే ఉందా?

జవాబు: తేడా నిజంగానే ఉంది. అది రంగుపొడిలో కంటే, ఆ పొడిని లోహానికి అంటిపెట్టి ఉంచే రెజిన్‌లో ఎక్కువగా ఉంటుంది. గేట్లకు, తలుపులకు వాడే ఎనామెల్‌లో ఉండేది ఆల్కిడ్ రెజిన్. అది నూరు డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో చాలాకాలం ఉంటే ముందుగా పసుపెక్కి, తర్వాత పెళుసుబారి, చివరికి పెచ్చులుగా లేస్తుంది. నడుస్తున్న ఇంజన్‌లో కూలెంట్ ఇంచుమించు 90 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి, బ్లాకు బయటి గోడ కూడా ఆ పరిధిలోనే ఉంటుంది. ఎత్తు రోడ్ల మీద, బరువు లాగుతున్నప్పుడు ఆయిల్ 120 డిగ్రీలు దాటినా వింత లేదు. సిలిండర్ హెడ్‌లో పొగ బయటికి వచ్చే ద్వారాల చుట్టూ వేడి ఇంకా ఎక్కువ. అంటే గేటు పెయింటు తన ఓర్పు ముగిసేచోట పని మొదలుపెట్టవలసి వస్తుంది. పైగా గేటు మీద పడని ఆయిల్, పెట్రోల్, కూలెంట్ ఇక్కడ రోజూ పడతాయి.

ఇంజన్ ఎనామెల్ పేరుతో దొరికే వాటిలో చాలావరకు సుమారు 260 డిగ్రీల వరకు ఓర్చుకునేలా తయారవుతాయి. డబ్బా మీద ఇది 500 ఫారన్‌హీట్ అని కనిపించవచ్చు. సిరామిక్ కలిపామని చెప్పే రకాలు కొద్దిసేపు 340 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. బ్లాకు, హెడ్, ఆయిల్ సంప్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), టైమింగ్ కవర్, ట్యాపెట్ కవర్ (హెడ్ పైని మూత), బ్రాకెట్లు అన్నింటికీ ఇది సరిపోతుంది. హెడ్ నుంచి పొగను బయటికి చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు, దాని వెంట వచ్చే పైపుకు మాత్రం 650 డిగ్రీలు, ఆపై అంకె వేసిన సిలికాన్ రెజిన్ పెయింట్లు కావాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. 650 అంకె ఉన్నది 260 అంకె ఉన్నదాని కన్నా అన్నివిధాలా మేలైనదని అనుకుని బ్లాకుకు కూడా దానినే కొంటారు. సిలికాన్ పెయింటు గాలికి ఆరినట్టు కనిపించినా, గట్టిపడటానికి దానికి పెద్ద వేడి అవసరం. ఆ వేడి బ్లాకు మీద ఎన్నడూ రాదు. కాబట్టి అది మెత్తగానే ఉండిపోయి, గోటితో గీస్తే ఊడివస్తుంది, పెట్రోల్ గుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకు అంటుకుంటుంది. అందువల్ల ఆ భాగం నిజంగా ఎంత వేడెక్కుతుందో, దాని మీద ఏ ద్రవం పడుతుందో తెలుసుకుని, దానికి తగినదే కొనండి. పెద్ద అంకె చూసి కొనకండి.

ప్రశ్న: డీజిల్‌తో, ఆ తర్వాత పెట్రోల్‌తో శుభ్రంగా కడిగి, ఇంజన్ ఎనామెల్ రెండు పూతలు వేశాను. కొద్ది నెలలకే కింది భాగంలో పెచ్చులు లేచాయి. పెయింటు నకిలీదేమో అని అనుమానం.

జవాబు: పెయింటును అనుమానించే ముందు కడిగిన పద్ధతిని అనుమానించాలి. డీజిల్ మురికిని కరిగిస్తుంది, కానీ తాను ఒక జిడ్డుపొరను వెనక వదిలిపోతుంది. పెట్రోల్ ఆరిపోయినా, అందులోని సంకలనాల అవశేషం లోహం మీద మిగులుతుంది. ఆవిరికి నిప్పంటుకునే ప్రమాదం సరేసరి. ఈ రెండూ తొలి కడుగుడుకు కూడా అంత మంచివి కావు, చివరి కడుగుడుకు అసలే పనికిరావు.

సరైన క్రమం ఇది. ముందు ఎండు మట్టిని, గడ్డకట్టిన గ్రీజును చెక్క లేదా ప్లాస్టిక్ గరిటెతో, వైరు బ్రష్‌తో గీకి తీయాలి. తర్వాత నీటితో కడిగే రకం డీగ్రీజర్ పట్టించి, అది ఆరిపోకముందే బ్రష్‌తో రుద్ది, నీటితో కడిగేయాలి. రెండోసారి కడిగినా నీరు నల్లగా వస్తుంటే మూడోసారి కడగాలి. ఆ తర్వాత లోహాన్ని వెంటనే ఆరబెట్టాలి. పోత ఇనుము తడిగా ఉంటే నిమిషాల్లోనే నారింజ రంగు తుప్పు తేలుతుంది కాబట్టి, గాలి పైపు, వేడిగాలి గన్ దగ్గర పెట్టుకుని పని చేయడం మంచిది. చివరగా, పెయింటు వేయబోయే ముందు, నూలు రాలని గుడ్డను అసిటోన్‌తో గానీ పెయింటు దుకాణంలో దొరికే వ్యాక్స్, గ్రీజు రిమూవర్‌తో గానీ తడిపి ఒకవైపు నుంచి మరోవైపుకు తుడిచి, ఆ తడి ఆరేలోగా పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. గుడ్డను తరచూ మార్చాలి. ఒకే గుడ్డతో ఇంజనంతా తుడిస్తే జిడ్డు తొలగదు, అన్నిచోట్లా సమంగా పరుచుకుంటుంది. అప్పటినుంచి వట్టి చేత్తో ముట్టుకోకూడదు.

శుభ్రమైందో లేదో కంటితో తేల్చలేం. అసిటోన్‌తో తుడవడానికి ముందు కొంచెం శుభ్రమైన నీరు చల్లి చూడండి. నీరు పలుచని పొరగా పరుచుకుంటే జిడ్డు లేనట్టు, తామరాకు మీద నీటిబొట్లలా విడివిడిగా నిలిస్తే ఇంకా ఉన్నట్టు. పాత పోత ఇనుములోని సన్నని రంధ్రాల్లో ఏళ్ల తరబడి ఆయిల్ ఇంకి ఉంటుంది. వేడిగాలి గన్‌తో లోహాన్ని వెచ్చబరిస్తే అది పైకి చెమరుస్తుంది, అప్పుడు తుడిచేయవచ్చు. ఈ ఒక్క పని చేసినవారి పెయింటు నిలుస్తుందని, చేయనివారిది నిలవదని దాదాపు ధీమాగా చెప్పవచ్చు.

మీ విషయంలో కింది భాగమే లేచిందంటే మరో కారణం కూడా ఉండవచ్చు. సంప్ ప్యాకింగ్ నుంచో, క్రాంక్ సీల్ నుంచో ఆయిల్ కారుతుంటే, అది పెయింటు అంచు కిందికి పాకి, లోపలి నుంచి లేపుతుంది. కారుతున్న ఇంజన్‌కు రంగు వేయడం వృథా ప్రయాస. ముందు ప్యాకింగ్, సీలు మార్చండి.

ప్రశ్న: నా ట్యాపెట్ కవర్ అల్యూమినియంది. కాస్టిక్ సోడా నీటిలో నానబెడితే పాత రంగు ఊడిపోతుందని ఒకరు చెప్పారు. ప్రైమర్ తప్పనిసరా?

జవాబు: ఇనుప భాగాలకు వాడే ఆ పద్ధతిని అల్యూమినియం దగ్గరికి రానివ్వకండి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్నే కరిగించి, మండే హైడ్రోజన్ వాయువును వదులుతుంది. పాత రంగుతోపాటు కవర్ మందం కూడా పోతుంది, ప్యాకింగ్ కూర్చునే ముఖం గుంటలు పడుతుంది. జెల్ రూపంలో దొరికే పెయింట్ రిమూవర్లలో అల్యూమినియానికి పనికొస్తుందని రాసినదే తీసుకోండి. కొన్ని పాత కార్లలో ఈ కవర్లు మెగ్నీషియం మిశ్రమంతో పోసినవి ఉంటాయి. వాటి విషయంలో ఆమ్లాలకు దూరంగా ఉండటం, ఎండు పొడి గాలిలో లేచేలా గ్రైండర్ పెట్టకపోవడం అవసరం, ఎందుకంటే మెగ్నీషియం పొడికి సులువుగా నిప్పంటుకుంటుంది.

ప్రైమర్ విషయానికి వస్తే, పోత ఇనుము గరుకుగా ఉంటుంది కాబట్టి మంచి ఇంజన్ ఎనామెల్ నేరుగా పట్టుకోవచ్చు. అల్యూమినియం అలా కాదు. దాని మీద ఉండే ఆక్సైడ్ పొర పెయింటును సరిగా పట్టనివ్వదు. 180 నుంచి 320 నంబరు ఎమరీ కాగితంతో గీసి, మెరుపు పోయి సమంగా మసకబారాక, జిడ్డు తుడిచి, అదే రోజు ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ఎచ్ ప్రైమర్ పలుచగా ఒక పొర వేయండి. ప్రైమర్, పై రంగు, ఆపై వేసే రంగులేని క్లియర్ పూత మూడూ ఒకే తయారీదారువి, ఒకే వేడి అంకె ఉన్నవి అయితే తగువులు తగ్గుతాయి. పైన 260 డిగ్రీల ఎనామెల్ వేసి, కింద కారు బాడీకి వాడే మామూలు ప్రైమర్ వేస్తే, ఓర్పు ప్రైమర్‌దే అవుతుంది. అదే కారణంగా, గుంటలు పూడ్చడానికి బాడీ లప్పం కూడా ఇక్కడ పనికిరాదు. వేడికి మెత్తబడి పొక్కుతుంది.

ప్రశ్న: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు 650 డిగ్రీల పెయింటే వేశాను. వారం రోజులు ఆరనిచ్చాను. అయినా బండి నడిపిన తర్వాత బూడిద రంగుకు మారి రాలిపోయింది. ఎరుపు రంగులో ఇలాంటిది దొరకడం లేదెందుకు?

జవాబు: ఈ పెయింటును కాలం ఆరబెట్టదు, వేడే గట్టిపరుస్తుంది. సిలికాన్ రెజిన్‌లో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల గొలుసు ఒకటి, దానికి అంటిపెట్టుకున్న కర్బన సమూహాలు కొన్ని ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ కర్బన భాగం మెల్లగా కాలిపోయి, మిగిలినది గాజులో ఉండే సిలికా వంటి వలగా, రంగుపొడిని, లోహాన్ని కలిపి పట్టుకుంటుంది. ఇది నింపాదిగా జరగాలి. ఒక్కసారిగా పెద్ద వేడి తగిలితే లోపల చిక్కుకున్న ద్రావకం ఆవిరై పొక్కులు లేపుతుంది. అందుకే చాలామంది తయారీదారులు విడతలవారీ వేడిని సూచిస్తారు. ఉదాహరణకు సుమారు 120 డిగ్రీల వద్ద అరగంట ఉంచి చల్లారనివ్వడం, తర్వాత 200 దగ్గర అరగంట, మళ్లీ చల్లారనివ్వడం, చివర 315 దగ్గర అరగంట. డబ్బా మీద వేరే అంకెలుంటే వాటినే పాటించండి. ఇందుకు ఓవెన్ వాడితే, అది మళ్లీ ఎన్నడూ ఆహారానికి వాడనిదై ఉండాలి. ఓవెన్ లేనివారు భాగాన్ని బండికి బిగించి, పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి పూర్తిగా చల్లార్చి, తర్వాత ఇరవై నిమిషాలు, ఆ తర్వాత అరగంట నడిపి ప్రతిసారీ చల్లార్చవచ్చు. ఈలోపల రోడ్డు మీదికి తీసుకువెళ్లి వేగం పెంచకూడదు.

మీ పని చెడటానికి మరో రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి మందం. ఈ పెయింటు మొత్తం పొర ఆరాక 25 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే చాలు. లోహం కనబడకూడదని నాలుగైదు పూతలు వేస్తే పగుళ్లు తప్పవు. రెండోది కింద మిగిలిన తుప్పు. మానిఫోల్డ్‌ను వైరు బ్రష్‌తో తుడిస్తే చాలదు, ఇసుక బ్లాస్టింగ్‌తో గానీ గట్టి ఎమరీతో గానీ వెండిలా కనిపించే లోహం దాకా వెళ్లాలి. తుప్పును నల్లగా మార్చే రసాయనాలు బ్లాకుకు పనికొస్తాయేమో గానీ, మానిఫోల్డ్ వేడికి నిలవవు. జింకు పూత ఉన్న నట్లు, పైపులు కూడా అక్కడ వాడవద్దు. జింకు సుమారు 420 డిగ్రీలకే కరుగుతుంది.

ఒక హెచ్చరిక. మీ మానిఫోల్డ్ రాత్రివేళ ఎర్రగా కనిపిస్తుంటే, అది 500 డిగ్రీలు దాటిందన్నమాట, ఎందుకంటే లోహం అంతకన్నా తక్కువ వేడికి కంటికి కనిపించేంతగా వెలగదు. టర్బో ఉన్న పెట్రోల్ ఇంజన్లలో పొగవాయువుల వేడి 900 డిగ్రీలు దాటవచ్చు. అక్కడ డబ్బా పెయింటు మీద ఆశ పెట్టుకోవడం కన్నా, సిరామిక్ పూత వేసే వర్క్‌షాపుకు ఇవ్వడం నయం. టర్బో లేని మామూలు ఇంజన్‌లో ఎప్పుడూ లేనిది కొత్తగా అలా మెరుస్తుంటే అది పెయింటు సమస్య కాదు. మిశ్రమం, ఇగ్నిషన్ టైమింగ్, మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ చూపించుకోవలసిన సంగతి.

రంగు మాటకొస్తే, ఎరుపు, నీలం, పసుపు వంటి ప్రకాశవంతమైన రంగుపొడులు చాలావరకు కర్బన సమ్మేళనాలు. ఆ వేడికి అవి కాలి వెలిసిపోతాయి. మామూలు నలుపులో వాడే కార్బన్ కూడా గాలిలో ఆ వేడికి కాలిపోయి, పూత బూడిద రంగుకు మారుతుంది. లోహాల ఆక్సైడ్లతో చేసిన నలుపు, అల్యూమినియం పొడితో చేసిన వెండిరంగు నిలుస్తాయి. అందుకే ఎగ్జాస్ట్ పెయింట్ల అరలో రంగుల వైవిధ్యం అంత తక్కువ.

ప్రశ్న: మొదటి పూత నున్నగా వచ్చింది. మర్నాడు రెండో పూత వేయగానే అంతా ముడతలు పడింది. అదే డబ్బా, అదే రంగు.

జవాబు: మీరు సరిగ్గా వేయకూడని సమయంలో వేశారు. చాలా ఎనామెల్ డబ్బాల మీద, రెండో పూతను గంటలోపే వేయాలని, లేకపోతే వారం ఆగాలని రాసి ఉంటుంది. మొదటి గంటలో కింది పొర ఇంకా తెరుచుకునే ఉంటుంది, రెండు పొరలూ ఒకటైపోతాయి. ఆ తర్వాత పైభాగం చర్మం కట్టి, లోపల మెత్తగా ఉంటుంది. ఆ దశలో కొత్త పూతలోని ద్రావకం చర్మాన్ని ఉబ్బించి ముడతలు పెడుతుంది. ఇప్పుడు చేయగలిగిందల్లా పూర్తిగా గట్టిపడే దాకా ఆగి, 320, ఆపై 400 నంబరు కాగితంతో చదును చేసి, మళ్లీ వేయడమే.

ఈ సందర్భంగా స్ప్రే గురించి నాలుగు మాటలు. డబ్బాను కనీసం రెండు నిమిషాలు బాగా ఊపాలి. భాగానికి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం పట్టుకుని, స్ప్రేను భాగానికి ఒక అంచు బయట మొదలుపెట్టి, చేయి ఆపకుండా దాటించి, రెండో అంచు బయటే వదలాలి. మొదటి పూత లోహం ఇంకా కనిపించేంత పలుచగా, మంచులా ఉండాలి. పది నిమిషాల తేడాతో వేసే రెండోది, మూడోది రంగును నింపుతాయి. చల్లని రోజుల్లో, గాలిలో తేమ బాగా ఉన్న రోజుల్లో ఈ పని వాయిదా వేయండి. లోహం మీద కంటికి కనబడని మంచు పట్టి, పెయింటు పాలిపోతుంది. డబ్బా చల్లగా ఉంటే గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచవచ్చు గానీ, 50 డిగ్రీలు మించితే అది పేలే ప్రమాదం ఉంది. మంట మీద, స్టవ్ పక్కన ఎప్పుడూ పెట్టకండి.

ప్రశ్న: స్ప్రే లేకుండా బ్రష్‌తో వేస్తే అసహ్యంగా ఉంటుందా?

జవాబు: పోత ఇనుప బ్లాకు మీద ఉండదు. దాని గరుకుతనంలో బ్రష్ గీతలు కలిసిపోతాయి, పక్క భాగాల మీద పడే రంగు తుంపర్లు ఉండవు, ఇంజన్‌ను బండిలోంచి దించకుండా చేసేవారికి ఇదే వీలు. నున్నని ట్యాపెట్ కవర్ మీద మాత్రం గీతలు తెలుస్తాయి.

ప్రశ్న: నల్ల రంగు వేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని, వెండి రంగు వేస్తే వేడెక్కుతుందని అంటారు. రేడియేటర్‌కు రంగు వేయవచ్చా?

జవాబు: ఈ నమ్మకంలో కొంత నిజముంది, కానీ దాని పరిమాణం చాలా చిన్నది. మెరిసే వట్టి అల్యూమినియం వేడిని కిరణాలుగా చాలా తక్కువగా, పరిపూర్ణమైన నల్లని వస్తువు వెదజల్లే దానిలో పదో వంతో, అంతకన్నా తక్కువో వదులుతుంది. లోహపు పొడి లేని ఏ పెయింటు వేసినా అది 90 శాతం దాకా పెరుగుతుంది. ఇక్కడ గమనించవలసింది, ఆ పెయింటు నలుపైనా, ఎరుపైనా, తెలుపైనా ఇంచుమించు అంతే. కంటికి కనిపించే రంగుకు, ఈ వేడి కిరణాలకు సంబంధం తక్కువ. అల్యూమినియం పొడి కలిసిన వెండిరంగు మాత్రం కొంత తక్కువ వదులుతుంది.

ఎంత అన్నది లెక్క వేసి చూద్దాం. పైభాగం 100 డిగ్రీలు, బానెట్ లోపల గాలి 40 డిగ్రీలు అనుకుంటే, పెయింటు వేసిన ఒక చదరపు మీటరు నుంచి కిరణాల రూపంలో పోయే వేడి సుమారు 500 వాట్లు. ఇంజన్ బయటి వైశాల్యాన్ని బట్టి చూస్తే, మొత్తం ఒక కిలోవాట్ అటూ ఇటూ. వేగంగా వెళ్తున్నప్పుడు రేడియేటర్ గాలికి అప్పగించే వేడి పదుల కిలోవాట్లలో ఉంటుంది. కాబట్టి నీటితో చల్లబడే ఇంజన్ మీద మీకు నచ్చిన రంగు వేసుకోండి. ఆయిల్ ఎక్కడ కారుతోందో త్వరగా తెలియాలనుకునే వారికి లేత బూడిద రంగు ఉపయోగం.

రేడియేటర్‌కు వేయవచ్చు, పలుచగా మాత్రమే. 50 మైక్రాన్ల పెయింటు పొర వేడికి కల్పించే అడ్డంకి, లోహం నుంచి గాలిలోకి వేడి దిగడానికి సహజంగా ఉండే అడ్డంకిలో సుమారుగా నలభయ్యో వంతు, లేదా అంతకన్నా తక్కువ. అసలు ప్రమాదం పొర మందం వల్ల కాదు, రంగు రేకుల సందుల్లో పేరుకుని గాలిని ఆపడం వల్ల వస్తుంది. రేకులకు ఎదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా, ఇరువైపులా ఒక్కో పలుచని పూత చాలు. బ్రష్ అసలు వద్దు.

ప్రశ్న: ఏయే చోట్ల పెయింటు పడకూడదు? ఇసుక బ్లాస్టింగ్ చేయించమంటారా?

జవాబు: పడకూడని చోట్ల జాబితా పెద్దదే. ప్యాకింగ్ కూర్చునే ముఖాలు, మరల రంధ్రాలు, స్పార్క్ ప్లగ్ రంధ్రాలు, సెన్సర్లు, బెల్టు తిరిగే పుల్లీ గాళ్లు, క్రాంక్ పుల్లీలోని రబ్బరు పొర ముఖ్యమైనవి. ఆక్సిజన్ సెన్సర్ మీద రంగు పడితే, అది బయటి గాలిని పీల్చుకునే దారి మూసుకుపోయి తప్పు లెక్క చెప్పవచ్చు. ఆల్టర్నేటర్‌కు గాలి రంధ్రాలుంటాయి కాబట్టి దాని జోలికి పోకండి. టైమింగ్ గుర్తులు కనిపించేలా వదిలిపెట్టి, ఆరాక వాటి మీద సన్నగా తెల్ల గీత పెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది. ఇంజన్ నంబరు చెక్కిన చోటు మందపు పూతతో పూడిపోకూడదు. వాహన తనిఖీలో అది చదవగలిగేలా ఉండి తీరాలి.

రెండు చోట్ల జనం ఎక్కువగా మరిచిపోతారు. మొదటిది ఎర్తింగ్. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్తు తీగ బిగించే చోటు, స్టార్టర్ మోటార్ కూర్చునే ముఖం వట్టి లోహంగా ఉండాలి. రంగు వేసి బిగించాక, సెల్ఫ్ కొట్టడం లేదని బ్యాటరీ మార్చేవారు ఉన్నారు. రెండోది బోల్టు తల కింది భాగం. అక్కడ మందపు పెయింటు ఉంటే వేడికి అది నలిగి పలుచబడుతుంది, అంతమేరకు బోల్టు బిగువు సడలుతుంది. టార్క్ రెంచితో కొలిచి బిగించినా అది నిలవదు.

ఇసుక బ్లాస్టింగ్ మానిఫోల్డ్‌కు, బ్రాకెట్లకు బాగుంటుంది. పూర్తిగా విప్పని ఇంజన్‌కు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆయిల్ దారుల్లోకి వెళ్లిన కొద్దిపాటి ఇసుక బేరింగులను అరగదీయడానికి చాలు. ఇన్‌టేక్ మానిఫోల్డ్, లోపల ఆయిల్ అడ్డుపలక ఉన్న ట్యాపెట్ కవర్ వంటి వాటిలో రేణువులు దాక్కుని, ఇంజన్ నడిచాక బయటపడతాయి. వాటిని చేత్తో, రసాయనంతో శుభ్రం చేయడమే క్షేమం.

ప్రశ్న: బ్లాకు లోపలి గోడలకు కూడా రంగు వేస్తే ఆయిల్ త్వరగా కిందికి దిగుతుందని విన్నాను.

జవాబు: ఎలక్ట్రిక్ మోటార్ చుట్లకు వాడే ఎర్రని ఇన్సులేటింగ్ వార్నిష్‌ను కొందరు రేసు ఇంజన్ల తయారీదారులు ఇలా వేసిన మాట నిజం. పోతలో మిగిలిన ఇసుకను పట్టి ఉంచడం కూడా వారి ఉద్దేశం. కానీ ఎన్నో ఏళ్లు నడిచిన బ్లాకు లోపల, జిడ్డు ఆనవాలు లేకుండా శుభ్రం చేయడం దాదాపు అసాధ్యం. ఒక పెచ్చు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే ఇంజన్ పోతుంది. రోజూ నడిపే కారుకు మా సలహా, వద్దు.

ప్రశ్న: పౌడర్ కోటింగ్ మేలా? ప్లాస్టిక్ కవర్లకు ఏం వేయాలి?

జవాబు: బ్రాకెట్లు, ట్యాపెట్ కవర్, పుల్లీల ముఖాలకు పౌడర్ కోటింగ్ మంచిదే. దెబ్బలకు, ఆయిల్‌కు ఎనామెల్ కన్నా బాగా తట్టుకుంటుంది. సుమారు 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు కనుక రబ్బరు సీళ్లు, ప్లాస్టిక్ భాగాలు ముందే తీసేయాలి. పొర 60 నుంచి 80 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి పైన చెప్పిన బోల్టు బిగువు సమస్య ఇక్కడ రెట్టింపు. ఎగ్జాస్ట్‌కు మామూలు పౌడర్ పనికిరాదు.

ప్లాస్టిక్ కవర్లకు సబ్బునీటితో కడిగి, సన్నని స్కాచ్ ప్యాడ్‌తో రుద్ది, ప్లాస్టిక్ కోసం చేసిన అడ్హెషన్ ప్రమోటర్ (రంగు పట్టేలా చేసే పూత) వేసి, ఆపై రంగు వేయాలి. అసిటోన్ కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది. రబ్బరు గొట్టాలకు రంగు వేయకండి. పగుళ్లు కనిపించకుండా పోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న: బ్రేక్ మాస్టర్ సిలిండర్ కింద ఉన్న రంగంతా జిగురులా లేచివచ్చింది. ఎందుకు?

జవాబు: బ్రేక్ ఆయిల్ పడింది. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ ఈథర్లతో తయారవుతాయి. అవి చాలా పెయింట్లను పెయింట్ రిమూవర్‌లాగే మెత్తబరుస్తాయి. ఒలికిన వెంటనే ధారాళంగా నీరు పోసి కడిగేయాలి, తుడిస్తే చాలదు. డాట్ 5 సిలికాన్ రకం రంగును తినదు, కానీ దాని ఆనవాలు మిగిలిన చోట కొత్త పెయింటు నిలవక చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. టైర్లకు మెరుపు కోసం వాడే సిలికాన్ స్ప్రే గాలిలో ఉన్నా అంతే. ఆ ప్రాంతానికి రెండు డబ్బాలుగా వచ్చే ఎపాక్సీ రకం కాలిపర్ పెయింటు (చక్రాల దగ్గరి బ్రేకు భాగాలకు వేసేది) కొంత నయం.

ప్రశ్న: షట్టర్ మూసుకుని గ్యారేజీలోనే వేసుకుంటాను. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గుడ్డ, దుమ్ము మాస్కు రెండూ ద్రావకపు ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, దాని ముందు రేణువులను ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి. షట్టర్ తెరిచే పని చేయాలి. డబ్బాలోని గ్యాసు మండే రకం, గాలికన్నా బరువైనది కూడా కాబట్టి నేల మీదుగా పాకి, దూరంగా ఉన్న హీటర్ మంటకో, స్విచ్ నిప్పురవ్వకో అంటుకోగలదు. హార్డెనర్ కలిపే రెండు డబ్బాల పెయింట్లలో ఐసోసయనేట్ ఉంటే కార్ట్రిడ్జ్ మాస్కును నమ్ముకోకండి. బయటి నుంచి గాలి అందే మాస్కు ఉన్న పెయింటు షాపుకు ఆ పని అప్పగించండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడిన భాగాన్ని పూర్తిగా ఆరకముందు వెల్డింగ్ చేస్తే, బాగా వేడి చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. చాలా పాత కార్ల పెయింటులో సీసం, ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి, వాటిని ఎండుగా గ్రైండర్‌తో గీకకుండా తడిపి తీయాలి.

ప్రశ్న: పాత కారును తయారైనప్పటి రూపానికి తేవాలనుకుంటున్నాను. ఇంజన్ అసలు రంగు ఎలా తెలుసుకోవాలి?

జవాబు: కంపెనీల ఆనవాయితీలు ఏటేటా మారాయి కాబట్టి, కారు పేరు చెప్పి రంగు అడిగితే చాలదు, తయారైన ఏడు కూడా చెప్పాలి. ఫోర్డ్ అమెరికాలో 1966 నుంచి తన ఇంజన్లకు ఒకే నీలాన్ని వాడసాగింది. అంతకుముందు ఇంజన్‌ను బట్టి వేరువేరు రంగులుండేవి. షెవర్లే వీ8 ఇంజన్ల నారింజ రంగు 1970ల చివర్లో నీలానికి దారి ఇచ్చింది. మీ ఇంజన్ మీదనే సాక్ష్యం వెతకండి. మౌంటింగ్ బ్రాకెట్ వెనక, వాటర్ పంపు కింద, ఎండ, వేడి తగలని చోట తొలి పూత మిగిలి ఉంటుంది. ఆయిల్ తుడిచి, అక్కడి రంగును పగటి వెలుగులో నమూనా చీటీతో పోల్చండి. వేడి తగిలిన చోట రంగు ముదురుతుంది కాబట్టి హెడ్ మీది రంగును నమూనాగా తీసుకోవద్దు.

ప్రశ్న: రంగు వేసి, అన్నీ బిగించి, మొదటిసారి స్టార్ట్ చేయగానే పొగ, ఘాటు వాసన వచ్చాయి. ఆపేశాను. ఏదైనా కాలిపోతోందా?

జవాబు: కొత్త పూత గట్టిపడేటప్పుడు అలా పొగ రావడం సహజం. ముఖ్యంగా ఎగ్జాస్ట్ పెయింటులోని కర్బన భాగం తొలి విడతల్లో పోతుంది. బండిని బయట నిలిపి, బానెట్ తెరిచి, పైన చెప్పిన విడతల ప్రకారం నడపండి. రెండు మూడు విడతలయ్యాక కూడా పొగ తగ్గకపోతే, లేదా ఒకేచోటు నుంచి లేస్తుంటే, మానిఫోల్డ్ మీద ఆయిల్ కారుతోందేమో, మాస్కింగ్ టేపు ముక్క ఏదైనా మిగిలిందేమో చూడండి.